తిరుపతి ఎండకు కోయి కొలను: లోతు ఎంత ఉండాలి, నీళ్లు ఎన్ని పట్టాలి?

మీరు అడిగింది ఇదీ: తిరుచానూరు వైపు కొత్త ఇల్లు, వెనక 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఖాళీ. మేస్త్రీ రెండున్నర అడుగుల లోతు చాలంటున్నాడు. నెట్‌లో ఆరడుగులు ఉండాలంటున్నారు. మీకేమో పది పన్నెండు కోయిలు (రంగురంగుల జపాన్ చేపలు) పెంచాలని ఉంది. ఎవరి మాట వినాలి?

ఇద్దరిదీ వద్దు. నీళ్లు 4.5 అడుగుల లోతు నిలిచేలా కట్టించండి. గోడ మాత్రం 5 అడుగులు ఉండాలి, పైన అర అడుగు ఖాళీ వదలాలి. అప్పుడు మీ చోటులో సుమారు 10,000 లీటర్లు పడతాయి. చేపలు ఎనిమిది. పన్నెండు వద్దు. ఈ అంకెలు ఎలా వచ్చాయో చెబుతాను, ఎందుకంటే రేపు మేస్త్రీ "అంత లోతు దేనికి సార్" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

ముందు లీటర్ల లెక్క. 12, 9 అడుగులు బయటి కొలతలు. చుట్టూ తొమ్మిది అంగుళాల గోడ వస్తుంది కాబట్టి లోపల మిగిలేది 10.5 అడుగులు, 7.5 అడుగులు. చాలామంది ఈ గోడ మందం మరిచిపోయి బయటి కొలతతోనే లీటర్లు కట్టేస్తారు. లోపలి పొడవు, వెడల్పు, నీటి లోతు మూడూ అడుగుల్లో గుణించి, వచ్చిన దాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు. మీకు 4.5 అడుగుల లోతుకు 10,000 లీటర్లు వస్తుంది, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. మేస్త్రీ చెప్పిన రెండున్నర అడుగులకు వచ్చేది 5,600 లోపే. ఆరడుగులకు 13,400 దాకా.

ఇక లోతు. ఆరడుగులని రాసేవాళ్లలో ఎక్కువమంది చలి దేశాలవాళ్లు. అక్కడ చలికాలంలో కొలను పైన గడ్డకడుతుంది. అడుగున నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర నిలబడతాయి, చేపలు అక్కడికి చేరి కదలకుండా ఆ నెలలు గడిపేస్తాయి. వాళ్ల లోతు ఆ మంచు కోసం. తిరుపతిలో ఆ బాధ లేదు. మదనపల్లె వైపు చలి కాస్త ఎక్కువే గానీ అక్కడా కొలను గడ్డకట్టదు. మనకు గండం మే నెల. బయట నలభై దాటి, రాత్రి కూడా గాలి చల్లబడని రోజులు వరుసగా వస్తాయి. కోయికి హాయిగా ఉండేది సుమారు 18 నుంచి 26 డిగ్రీల నీళ్లు. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది.

ఎండ నీటి పైభాగం మీద పడుతుంది. కొలను ఎంత లోతున్నా చదరపు అడుగుకు పడే ఎండ ఒకటే. ఆ వేడిని పంచుకునే నీళ్లు ఎన్ని ఉన్నాయన్నదే తేడా. రెండడుగుల నీళ్లను నాలుగు డిగ్రీలు వేడెక్కించే ఎండ నాలుగున్నర అడుగుల నీళ్లను రెండు డిగ్రీల లోపే వేడెక్కిస్తుంది. పగలు తక్కువ ఎక్కుతుంది, రాత్రి తక్కువ దిగుతుంది. చేపకు కావలసింది ఈ నిలకడే. లోతుగా ఉంటే అడుగున నీళ్లు చల్లగా ఉంటాయి కదా అని కొందరు అంటారు. కదలని బావిలో అది నిజం. పంపు, ఎయిర్ పంపు నడిచే కోయి కొలనులో పైనీళ్లు, అడుగు నీళ్లు కలిసిపోతాయి, వేడి దాదాపు అంతటా ఒకటే. కాబట్టి లోతు వల్ల మనకు దక్కేది అడుగున ఒక చల్లటి గది కాదు, మొత్తం కొలను నిదానంగా వేడెక్కడం.

వేడికి ఎందుకింత భయపడాలంటే, నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర 7.5కి పడిపోతుంది, 35కి వెళ్తే 7 లోపే. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పైగా నీళ్లు పచ్చగా ఉన్న కొలనులో ఆ పాచి పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రంతా తీసుకుంటూనే ఉంటుంది. అందుకే ప్రమాదం మిట్టమధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. మే నెలలో లోతు తక్కువ కొలను దగ్గరికి నాలుగున్నరకు టార్చి పట్టుకుని వెళ్తే కనిపిస్తుంది: చేపలన్నీ నీళ్లు పడే చోట గుమిగూడి, మూతులు నీటి మట్టానికి ఆనించి, గుటక వేసినట్టు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. మేత వేసినా తల తిప్పవు. అన్నిటికంటే పెద్ద చేప ముందు పోతుంది, ఎందుకంటే దానికి కావలసిన ఆక్సిజన్ ఎక్కువ. ఎన్నో ఏళ్లు పెంచిన చేప ఒక్క రాత్రిలో అలా పోవడం చూస్తే మనసు విరిగిపోతుంది.

మరి ఆరడుగులు ఇంకా మంచిది కదా అంటారా? మీ చోటుకు కాదు. నీటిలోకి గాలి చేరేది పైభాగం నుంచే, మీ పైభాగం ఎంత తవ్వినా పెరగదు. ఆరడుగుల అడుగున నీళ్లు తిరగడానికి పంపు ఎక్కువ శ్రమపడాలి, తిరగని మూలల్లో మలం, ఆకులు చేరి కుళ్లుతాయి. జబ్బుపడిన చేపను వలతో పట్టడం కష్టం. గోడల మీద నీటి ఒత్తిడి పెరుగుతుంది, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సరిపోదు, కాంక్రీటు గోడలే కట్టాలి. (నా మాట అడిగితే నాలుగున్నరకు కూడా కడ్డీలు వేసిన కాంక్రీటే మేలు. ఇటుకే అంటే ఇంజినీరును ఒకసారి అడిగి కట్టండి.) ఇక మన నేల సంగతి మీకు తెలియంది కాదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చాలాచోట్ల మూడు నాలుగడుగులు దిగేసరికి గుండు తగులుతుంది. దాన్ని పగలగొట్టించే ఖర్చుతో మంచి ఫిల్టరు వస్తుంది.

అందుకని నేను చెప్పేది: మూడడుగులు భూమిలోకి, రెండడుగులు భూమి పైకి. ఈ ఏర్పాటులో లాభాలు చాలా ఉన్నాయి. తవ్వకం తగ్గుతుంది. వానాకాలంలో పెరటి మట్టినీళ్లు కొలనులోకి రావు. రెండడుగుల గట్టు మీద కూర్చుని మేత వేయొచ్చు. పాకే పిల్లలు పొరపాటున పడరు, కానీ ఎక్కే వయసు పిల్లలుంటే గట్టు చాలదు, కమ్మీ గానీ గట్టి వల గానీ తప్పదు. నాలుగున్నర అడుగుల నీళ్లు ఐదారేళ్ల పిల్లల తల మునిగే లోతు. ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీ పడొద్దు.

గోడలు నిలువుగా దిగాలి. అందం కోసం అంచున మెట్లు, వాలు, అడుగు లోతు అరుగు పెట్టించుకుంటారు, అక్కడ కొంగ వచ్చి నిలబడుతుంది. నిలబడటానికి చోటు లేకపోతే దానికి వేట కష్టం. లకుముకి పిట్ట మాత్రం పైనుంచి దూకుతుంది, అది చిన్న చేపలకే ప్రమాదం, మొదటి ఏడాది వల కప్పితే సరిపోతుంది. నీరుకట్టు పాము వచ్చే పెరడైతే వల అంచులు గట్టుకు బిగించి ఉంచండి. తామర, కలువ పెంచాలంటే వాటికి వేరే తొట్టి పెట్టండి. కోయి కుండీలోని మట్టిని నోటితో పీల్చి, నమిలి, బయటకు ఊదేస్తుంది, వేర్లు బయటపడేదాకా వదలదు. అది దాని స్వభావం. మన చెరువుల్లో బురద కెలికి తినే బంగారు తీగకు రంగులు తేలిన రూపమే ఇది. జపాన్‌లో నిగాటా ప్రాంతం రైతులు 1800ల తొలినాళ్ల నుంచి తిండికి పెంచే చేపల్లో రంగు పుట్టినవాటిని ఏరి పెంచుతూ వచ్చారు, 1914లో టోక్యోలో ప్రదర్శనకు పెట్టాక దేశమంతా తెలిసింది.

ఎన్ని చేపలు అన్న ప్రశ్న ఇక్కడే తేలిపోతుంది. చెన్నై కొళత్తూరు నుంచి కవర్లో వచ్చేది మూడంగుళాల పిల్ల. వెయ్యి లీటర్లలో ఇరవై వేసినా ఆ రోజు బాగానే కనిపిస్తాయి. కానీ బంగారు తీగ కిలోల్లో పెరిగినట్టే ఇదీ పెరుగుతుంది. మన వెచ్చని నీళ్లలో మంచి మేత పడితే మొదటి ఏడాదికే అడుగు దగ్గరికి రావచ్చు, తర్వాత రెండడుగుల దాకా పెరుగుతుంది. ఎదిగిన చేపను దృష్టిలో పెట్టుకుని ఒక్కోదానికి కనీసం 1,000 లీటర్లు లెక్కేయాలి. మీ కొలనుకు పది పైపరిమితి. నేను ఎనిమిది అన్నది మే నెల కోసం, కరెంటు పోయే రాత్రుల కోసం.

నీళ్లు ఎక్కువుంటే ఏమవుతుందో మేత లెక్కలో చూడండి. 38 శాతం ప్రొటీన్ ఉన్న మేత రోజుకు 100 గ్రాములు వేస్తే చేపలు దాన్ని తిని వదిలే వ్యర్థంలో సుమారు మూడున్నర గ్రాముల అమ్మోనియా అనే విషం వస్తుంది. ఫిల్టరు ఆగిపోయిన రోజున అది 10,000 లీటర్లలో కలిస్తే లీటరుకు 0.35 మిల్లీగ్రాములు. 3,000 లీటర్లలో కలిస్తే 1.2 దగ్గరికి వెళ్తుంది. మొదటిదైతే మీరు సాయంత్రం ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు. రెండోదైతే మీరు వచ్చేసరికే చేప మొప్పలు దెబ్బతినడం మొదలై ఉండొచ్చు. మన బోరు నీళ్లలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) చాలాచోట్ల 8 దగ్గరో అంతకంటే పైనో ఉంటుంది. అలాంటి నీళ్లలో అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది, 20 డిగ్రీల్లో కంటే 30 డిగ్రీల్లో ఆ విషపు భాగం దాదాపు రెట్టింపు. అంటే మన ఊళ్లో చిన్న కొలనుకు వేడి, పీహెచ్ రెండూ ఒకేసారి ఎదురు తిరుగుతాయి. లీటర్లు ఎక్కువుంటే మీకు దొరికేది టైము. తప్పు జరిగినా దిద్దుకునే టైము. నేను కొలనుల గురించి ఎవరికైనా ఒక్క మాటే చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను.

చోటు, డబ్బు రెండూ తక్కువై 4,000 లీటర్లకు మించి కుదరదంటే కోయి ఆలోచన వదిలేసి గోల్డ్‌ఫిష్ పెంచండి. అవీ అందంగానే ఉంటాయి, ఆ నీళ్లు వాటికి చాలు. మిద్దె మీద కట్టొచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. నాలుగున్నర అడుగుల నీళ్లు చదరపు అడుగుకు 125 కిలోలు దాటి బరువుంటాయి. మామూలు ఇంటి మిద్దెను చదరపు అడుగుకు పదిహేను ఇరవై కిలోల భారానికి లెక్కేసి కడతారు. వద్దే వద్దు.

లోతు ఎంత పెట్టినా అడుగున డ్రెయిన్ లేకపోతే ఆ లోతు మురికి గుంట అవుతుంది. నేల నాలుగు వైపుల నుంచి మధ్యకు మూడు నాలుగంగుళాలు వాలుగా ఉండాలి, మధ్యలో 4 అంగుళాల డ్రెయిన్. ఆ పైపు కాంక్రీటు వేయకముందే పడాలి, తర్వాత చేయడానికి ఏమీ ఉండదు. దాన్ని పక్కన ఫిల్టరు ట్యాంకుకు కలపండి. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు చాలు, కానీ దానిలో నీటి మట్టం, కొలను నీటి మట్టం ఒకటే ఉండేలా నిలబెట్టాలి. అప్పుడు నీళ్లు వాటంతటవే మురికితో సహా ట్యాంకులోకి వస్తాయి, శుభ్రమైన నీళ్లను పంపు కొలనులోకి తోస్తుంది. ఈ ట్యాంకుకు చోటు మీ 12, 9లో నుంచి తీయకండి, ఇంటి గోడ పక్క సందులో చూడండి. పంపు గంటకోసారి, కనీసం రెండు గంటలకోసారి మొత్తం నీళ్లను తిప్పాలి. డబ్బా మీద గంటకు 10,000 లీటర్లు అని ఉంటే అది ఎత్తుకు ఎక్కించకుండా పోసే లెక్క. నాలుగైదడుగులు ఎత్తి పోస్తే తగ్గుతుంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. ఎయిర్ పంపు తప్పనిసరిగా ఇన్వర్టర్ మీద ఉండాలి. అది చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, ఇంట్లో ఒక ఫ్యాన్ ఆపి అయినా దాన్ని నడపండి.

కొలను ఎక్కడ అన్నది మీరు అడగలేదు, అయినా లోతుతో ముడిపడిన విషయం. మన ఇళ్లలో నీళ్లు ఈశాన్యంలో ఉండాలంటారు. కోయి కొలనుకు ఈశాన్యం నిజంగానే మంచి చోటు, పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం మూడు తర్వాత పడమటి ఎండకు ఇల్లు అడ్డొస్తుంది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా తిరుపతిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఇంటికి ఉత్తరాన ఉంది కదా నీడ వస్తుందిలే అనుకుంటే మే నెలలో రాదు. ఇల్లు కొలనుకు పడమర పక్కన ఉంటేనే లాభం. వెనక చోటు మీకు పడమర వైపైతే మార్చి నుంచి జూన్ దాకా సగం ఎండ ఆపే గ్రీన్ షేడ్ నెట్ కట్టండి. మామిడి చెట్టు కింద మాత్రం తవ్వొద్దు, ఆకులు, పూత, వేర్లు మూడూ తంటాలే.

కొత్త సిమెంటు గురించి రెండు మాటలు. కొత్త గోడ నుంచి సున్నం ఊరి పీహెచ్ పదకొండు దాకా కూడా పోతుంది. క్యూరింగ్ అయ్యాక నీళ్లు నింపి, నాలుగైదు రోజులుంచి వదిలేయడం కొన్నిసార్లు చేయాలి. గోడ మీద వేలితో రాస్తే తెల్లగా జారే పొర వస్తున్నంతకాలం చేపల మాట ఎత్తొద్దు. తర్వాత తాగునీటి ట్యాంకులకు పనికొచ్చే ఎపాక్సీ పూత వేయిస్తే ఇంకా భద్రం. ఖర్చు తగ్గాలంటే రైతులు ఫారం పాండ్‌లకు పరిచే 500 మైక్రాన్ల షీట్ కూడా వాడొచ్చు, కానీ నిలువు గోడల మూలల్లో మడతలు పడి మురికి చేరుతుంది, నాకు పూతే నచ్చుతుంది.

నీళ్లు నింపే రోజున ఒక పని చేయండి. లెక్కలో 10,000 వచ్చినా నేల వాలు, గోడ మూలలు, పైపులు, ట్యాంకు కలిసి అసలు అంకె మారుతుంది. బోరు పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. తర్వాత కొలను, ఫిల్టరు నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. నీటి మీటరుంటే ఇంకా సులువు. వచ్చిన లీటర్లను ఫిల్టరు ట్యాంకు మీద పెయింట్‌తో రాయించండి. చేపకు జబ్బు చేసినప్పుడు ఉప్పు 0.3 శాతం అంటే వెయ్యి లీటర్లకు 3 కిలోలు. పొటాషియం పర్మాంగనేటు అయితే వెయ్యి లీటర్లకు 2 గ్రాములే. ఇలాంటి మందుల్లో లీటర్లు తప్పుగా లెక్కేస్తే జబ్బుతో బతికే చేప మందుతో చస్తుంది. మున్సిపల్ నీళ్లైతే క్లోరిన్ పోయేలా సోడియం థయోసల్ఫేట్ కలపాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ కూడా అంతంత మాత్రమే, అందుకే షవర్‌లా పైనుంచి చిమ్ముతూ నింపాలి.

ఎండాకాలం మీ కొలను నుంచి రోజుకు యాభై అరవై లీటర్లు ఆవిరైపోతాయి. తగ్గినంత పోస్తే చాలనుకోకండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు లోపలే మిగిలి నీళ్లు రోజురోజుకీ చిక్కబడతాయి. వారానికి పదో వంతు, అంటే వెయ్యి లీటర్లు, తీసి కొబ్బరికీ కూరగాయ మొక్కలకూ పెట్టండి, వాటికి అది మంచి ఎరువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దీనికి పూర్తిగా తలకిందులు. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీరు చూసే ఉంటారు. అలాంటి వానకు అర అడుగు ఖాళీ కొన్ని గంటల్లో నిండిపోతుంది, చేపలు గట్టు దాటి కాలువలోకి వెళ్లిపోతాయి. నీటి మట్టం దగ్గర జాలీ బిగించిన 3 అంగుళాల ఓవర్‌ఫ్లో పైపు పెట్టించండి, ఒకటి మూసుకుపోతే ఉంటుందని రెండోది కూడా. మిద్దె మీది వాననీళ్ల పైపును మాత్రం కొలనులోకి మళ్లించొద్దు. వాననీళ్లలో ఉప్పులు ఉండవు, ఒక్కసారిగా ఎక్కువ కలిస్తే పీహెచ్ నిలకడ తప్పుతుంది.

చేపలు దించడానికి ఏప్రిల్, మే వద్దు. పనులు జనవరిలో ముగిస్తే ఫిబ్రవరిలో నాలుగు పిల్లలు వేసి ఫిల్టరులో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పెరిగి పట్టు చిక్కేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, తక్కువ మేతతో నడపండి. టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే ఇంకో విషం నైట్రైట్ రెండు రోజులకోసారి చూడండి. ముందు అమ్మోనియా ఎక్కి దిగుతుంది, దాని వెనక నైట్రైట్ ఎక్కి దిగుతుంది. రెండూ వారం పాటు సున్నా చూపించినా వెంటనే తొందరపడకండి, ఆ నాలుగింటితోనే మొదటి వేసవి దాటించండి. మిగతా నాలుగూ ఆగస్టు తర్వాత తెచ్చుకోవచ్చు.